అదృశ్యకాంతిని పట్టు కన్ను

(జంగారెడ్డిగూడెమున జరిగిన మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)

   

ఈ మహాసభలో విద్యావిషయమున నాలుగు మాటలు చెప్పవలసినదిగా కార్యనిర్వాహకులు మమ్ము కోరిరి. మేము చిరకాలము పాఠశాలలో సంస్కృతాంధ్రములు బోధించి విశ్రాంతి గైకొన్నవారము. కాళిదాసును గూర్చియో, పాణినిని గూర్చియో ప్రసంగింతుమని తలచి వచ్చినవారికి నేటి మా విషయము వింతగా దోపవచ్చును. ఆకాశమునుండి వచ్చు కఠిన ఎక్సు కిరణములను పట్టి, వానితో బొమ్మ గట్టు గ్రాహకములను గూర్చి చెప్పబూనితిమి. ఇది మనకు దూరపు విషయము గాదు. ఈ విద్యలో మన దేశపు తొలి ప్రయత్నములు హైదరాబాదున జరిగినవి. వాని ఫలముగా వెలసిన పరికరము ఆకాశమున కెగసినది శ్రీహరికోటనుండి. ఎక్సు కిరణ శాస్త్రమున విదేశములలో పట్టము నందిన యొక మహనీయుడు పుట్టినది మన గోదావరీ పశ్చిమభాగముననే. అంతకంటె ముఖ్యమగు కారణము వేరొకటి కలదు. ఈ పరికరమును నిర్మించినవారు ఎదుర్కొన్న చిక్కును మన సంఘమును నిత్యము ఎదుర్కొనుచున్నది. ఆ మాట చివర మనవి చేసికొందుము.

మొదట కిరణముల మాట. 1895 నవంబరులో జర్మనీదేశపు రాంట్‌జన్ పండితుడు కనుగొనిన ఎక్సు కిరణములను మనము వైద్యశాలలలో నెరుగుదుము. మాంసమును దాటిపోయి ఎముకల నీడను చూపునవి యవియే. అవియు కాంతియే. సూర్యకాంతికిని వానికిని జాతిభేదము లేదు, శక్తిభేదమే కలదు. మన కంటికి గోచరించు కాంతికణము శక్తి రెండు మూడు ఎలెక్ట్రాను వోల్టులు మాత్రమే. కఠిన ఎక్సు కిరణ కణము శక్తి పదివేల వోల్టులు మొదలు లక్షకు పైబడియు నుండును. ఇట్టి కిరణములు పుట్టుటకు సామాన్యమగు వేడి చాలదు. కృష్ణబిలములలో పడబోవు పదార్థము సుడి తిరుగుచోట, న్యూట్రాను తారల చెంత, మహాతారలు ప్రేలిన తావులందు ఇవి జనించును. ప్రకృతి మిక్కిలి ఉగ్రముగా నున్న చోటులను చూడగోరువానికి ఈ కిరణములే దూతలు.

ఈ దూతలను కలిసికొనుటకు మూడడ్డంకులు కలవు. మొదటిది వాయుమండలము. మనలను కాపాడు ఈ గాలిపొర ఎక్సు కిరణములను నేలమీదికి రానీయదు. అందుచేత పరికరమును గాలికి పైకి గొనిపోవలెను. 1962 జూన్ 18వ తేదీన అమెరికాలో గియాకోని బృందమువారు రాకెట్టుపై పరికరము నుంచి, వృశ్చికరాశిలో ఎక్సు కిరణములు వెదజల్లు తారను కనుగొనిరి. గియాకోని పండితునకు 2002లో నోబెలు బహుమానము వచ్చెను. రాకెట్టు గాలికి పైన నిలుచునది కొలది నిమిషములే. బెలూను నట్లు గాదు. సుమారు 40 కిలోమీటర్ల యెత్తున గంటల తరబడి తేలియాడును. ఆ యెత్తున బెలూనుకు పైని మిగులు గాలి మొత్తములో వేయింట మూడు పాళ్ళకు మించదు. మెత్తని ఎక్సు కిరణములు ఆ కొంచెపు గాలిలోనే యణగిపోయినను, కఠిన కిరణములు దానిని దాటి రాగలవు.

టాటా మౌలిక పరిశోధన సంస్థవారు హైదరాబాదునుండి బెలూనుల నెగురవేసి, 1968లో ఆ వృశ్చికతారనే కఠిన ఎక్సు కిరణములలో పరిశీలించిరి. హైదరాబాదు నెన్నుకొనుటకు గల కారణములలో నొకటి గమనింపదగినది. ఆకాశమునుండి ఎక్సు కిరణములే గాక, మహావేగముగల ప్రోటానులు మొదలగు విశ్వకిరణ కణములును కురియుచుండును. 1912లో హెస్సు పండితుడు బెలూనుపై తానే యెగసి కనుగొనినవి యవియే. భూమి యొక పెద్ద అయస్కాంతము. భూమధ్యరేఖకు దాపునగల ప్రదేశములలో ఆ అయస్కాంతబలము, తక్కువ శక్తిగల విశ్వకిరణములను దరి జేరనీయక త్రిప్పి పంపును. ఇంచుమించు పదునేడవ అక్షాంశమున నున్న హైదరాబాదునకు, ఆ మాటకు మన జంగారెడ్డిగూడెమునకును, ఈ రక్షణ కలదు. ధ్రువములకు చేరువనున్న దేశములకు లేని భాగ్యమిది. దీని విలువ యెట్టిదో మూడవ యడ్డంకిని చెప్పునప్పుడు తెలియగలదు.

రెండవ యడ్డంకి అద్దము. సామాన్యమగు దూరదర్శిని అద్దముతో కాంతిని ఒకచోటికి చేర్చి బొమ్మ గట్టును. కఠిన కిరణ మట్లు లొంగదు. అద్దమును దాటిపోవును, లేదా యందే యణగిపోవును. తలమును రాచుకొనిపోవునట్లు మిక్కిలి వాలుగా తాకినప్పుడే మరలును. అమెరికావారు 2012లో పంపిన న్యూస్టారు ఉపగ్రహములో పలుచని పొరలు పెక్కు పూసిన యద్దములను వాడి, వానికిని గ్రాహకమునకును నడుమ 10 మీటర్ల దూరముంచి, 79 వేల వోల్టుల దాక కిరణముల నొకచోటికి చేర్చిరి. ఆకాశమున పెద్ద భాగమును ఒక్కసారి చూడవలెనన్నను, అంతకు మించిన శక్తిగల కిరణములను పట్టవలెనన్నను ఉపాయము వేరు.

ఆ యుపాయమును తాటాకు పందిరి క్రింద కూర్చున్నవా రెల్లరు నెరుగుదురు. ఆకుల సందులనుండి యెండ నేలమీద మచ్చలు మచ్చలుగా పడును. ప్రొద్దు తిరిగినకొలది మచ్చలన్నియు కలిసి ప్రక్కకు జరుగును. రెండు దీపములున్నచో రెండు మచ్చల వరుసలు ఒకదానిపై నొకటి పడును. పందిరిలో ఏ రంధ్ర మెక్కడ నున్నదో ముందే యెరిగినవాడు, నేలమీది మచ్చలను చూచి, పైన దీపములెన్ని, ఏవి యే దిక్కున నున్నవని గణితముతో తేల్చగలడు. అద్దము లేకయే బొమ్మ గట్టు విధమిది. 2015 సెప్టెంబరు 28వ తేదీన శ్రీహరికోటనుండి వెడలిన ఆస్ట్రోసాటు ఉపగ్రహములోని కాడ్మియము జింకు టెల్లూరైడు ఇమేజరు ఇట్లే పనిచేయును. అందు పందిరి వంటిది అర మిల్లీమీటరు మందముగల టాంటలపు రేకు. దానికి చతురస్రపు రంధ్రములు లెక్క ప్రకారము కోయబడినవి. సుమారు అరమీటరు దిగువన నేల వంటిది గ్రాహకఫలకము. కాడ్మియము, జింకు, టెల్లూరియము కలిసిన స్ఫటికపు పలకలు 64. ఒక్కొక్కదానిలో గళ్ళు 256. వెరసి 16,384 గళ్ళు. పలక మందము 5 మిల్లీమీటర్లు. గడి వెడల్పు దాదాపు రెండున్నర మిల్లీమీటర్లు. కిరణము పడిన గడిలో విద్యుత్తు చిన్న యలగా పుట్టును. ఆ యల పరిమాణమునుబట్టి కిరణశక్తియు, గడినిబట్టి స్థానమును తెలియును. జెర్మేనియపు గ్రాహకములకు వలె దీనికి విపరీతమగు చల్లదన మక్కరలేదు.

ఇక మూడవ యడ్డంకి. మా ప్రసంగమునకు ప్రాణము వంటి దిదియే. గ్రాహకమున పడునవన్నియు తారనుండి వచ్చిన కిరణములు గావు. విశ్వకిరణములు తాకిననుగూడ అల పుట్టును. భూమినుండి మరలివచ్చు కిరణములును, ఆకాశమంతట పరచుకొనియున్న మందకాంతియు తాకును. ఉపగ్రహపు లోహమే దెబ్బతిని తాను కిరణములను వెలిగ్రక్కును. గ్రాహకస్ఫటికమే విశ్వకిరణముల తాకిడిచే కొంతకాలము రేడియోధార్మికమగును. చూడవలసిన కన్నే తళుకులు పుట్టించు చుండును! ఇట్టి వానిని శాస్త్రజ్ఞులు నేపథ్యమందురు. మేము దొంగలెక్క యందుము. కఠిన కిరణములలో ఈ దొంగలెక్క నిజపు లెక్కకంటె పెక్కు రెట్లుండుట సామాన్యము.

ధాన్యపు బస్తా తూచి గోనె బరువు మినహాయించినట్లు దీనిని తీసివేయరాదా యని యడుగవచ్చును. తీసివేయవచ్చును, కాని ఈ గోనె బరువు నిలుకడ లేనిది. వాన చినుకులు ప్రక్కప్రక్క పెంకులపై సమముగా పడవు గదా! కణములును నట్లే. సగటున 10,000 కణములు రావలసినచోట సుమారు నూరు హెచ్చియో తగ్గియో వచ్చును. వర్గమూల మెంతయో ఒడుదుడుకు ఇంచుమించు నంత యని గణితము. అట్టిచోట తారనుండి 50 కణములే వచ్చినచో అవి యా యొడుదుడుకులో మునిగిపోవును. అదే దొంగలెక్కను 100కు తగ్గించితిమేని, ఒడుదుడుకు పది మాత్రమే. అప్పుడు ఆ 50 కణములు స్పష్టముగా కానవచ్చును. తార పెరుగలేదు, కన్ను పెద్దది కాలేదు. సందడి తగ్గినది, అంతియే.

ఈ సందడిని తగ్గించు విధములు నాలుగు. మొదటిది తగు చోటు నెన్నుకొనుట. హైదరాబాదునకు జెప్పిన న్యాయమే ఇక్కడను వర్తించును. ఆస్ట్రోసాటును 650 కిలోమీటర్ల యెత్తున, భూమధ్యరేఖకు 6 డిగ్రీలు మాత్రమే వాలిన కక్ష్యలో నిలిపిరి. దక్షిణ అట్లాంటిక్ సముద్రముపై విద్యుత్కణములు మిక్కుటముగా క్రిందికి దిగు ప్రదేశమొకటి కలదు. ఇట్టి కక్ష్యలో తిరుగు ఉపగ్రహము దాని నడిబొడ్డులోనికి పోక అంచునుండియే దాటును.

రెండవది గోడ కట్టుట. ఇందును తెలివి కావలెను. సీసమువంటి భారలోహము బయటి కిరణములను త్రాగును గాని, త్రాగి, తనవగు ఎక్సు కిరణములను తాను వదలును. అందుచేత దాని లోపల తగరపు పొర, దాని లోపల రాగి పొర యుంచుట వాడుక. కాపలావానిపై కాపలా యన్నమాట. గోడ మరీ మందమైనచో విశ్వకిరణములు దానినే ఢీకొని క్రొత్త కణముల జల్లు పుట్టించును. కాపుదల మితిమీరిన, కాపుదలయే కీడగును.

మూడవది సాక్షి నుంచుట. గ్రాహకఫలకము క్రింద సీజియము అయొడైడు స్ఫటికము 2 సెంటీమీటర్ల మందమున నమర్చిరి. తారనుండి వచ్చిన కిరణము సాధారణముగ పై పలకలోనే ముగియును. విశ్వకిరణకణమో, రెంటిని దూసికొనిపోవును. ఒకే క్షణమున పైనను క్రిందను అల పుట్టెనా, దానిని దొంగ యని కొట్టివేయుదురు.

నాలుగవది, మా మనస్సునకు మిక్కిలి నచ్చినది, పరీక్షకునిగూడ గుర్తించుట. పరికరపు తూకము సరిగా నున్నదో లేదో తెలిసికొనుటకు అమెరీషియమను రేడియోధార్మిక పదార్థమును లోన నుంచిరి. అది 60 వేల వోల్టుల కిరణమును, దానితోడనే ఆల్ఫా కణమును వదలును. ఆల్ఫా కణము వేరొక గ్రాహకమున పడి, ఇదిగో, ఈ కిరణము పరీక్షకై వచ్చినదని చెప్పును. దాని నంతవరకు వాడుకొని, తారల లెక్కలోనుండి తొలగింతురు.

ఇంత శ్రమకు ఫలమేమని యడుగుదురు. రాజరాజనరేంద్రుడు రాజమహేంద్రవరమున నేలుచుండగా, క్రీస్తుశకము 1054లో, వృషభరాశిలో ఒక తార ప్రేలి పగటివేళను గోచరించినట్లు చీనావారు వ్రాసియుంచిరి. ఆ ప్రేలుడు శేషమే కర్కట నీహారిక. దాని నడుమ సెకనుకు సుమారు 30 మారులు తిరుగు న్యూట్రాను తార యున్నది. ఒక గడిలో పడి చెదరి, ప్రక్క గడిలో పడు కిరణముల నేరి, ఆ తార కిరణములు ఏ దిక్కున కంపించుచున్నవో, ఒక్కొక్క భ్రమణములో ఆ కంపన మెట్లు మారుచున్నదో మన ఇమేజరువారు 2017లో ప్రకటించిరి. సందడి తగ్గింపని పరికరమున ఇట్టి జంట అలలను నమ్మవలను పడదు. ఆకాశమున క్షణకాలము మెరసి మాయమగు గామా మెరుపులను ఈ పరికరము 2023 నవంబరునాటికి 600 పట్టినది.

చూచుటయే గాక, చూడకపోవుటయు ఫలమగును. 2017 జనవరి 4వ తేదీన అమెరికాలోని లైగో పరికరములు రెండు కృష్ణబిలముల కలయికనుండి వచ్చిన గురుత్వతరంగమును పట్టినవి. ఆ ప్రాంతపు టాకాశమున మసకబారుచున్న యొక క్రొత్త వెలుగును ఇతరులు కనుగొనగా, ఆ కలయిక కాంతియే యిది కాబోలునని ఆసక్తి పుట్టెను. మన ఇమేజరు లెక్కలు తీసి చూడగా, తరంగము వచ్చిన క్షణమున మెరుపు లేదు; సుమారు 21 గంటల పిదప వేరొక గామా మెరుపు కలదు. ఆ వెలుగు ఆ రెండవ మెరుపుదేగాని కలయికది గాదని తేలెను.

మరి అదే సంవత్సరము ఆగస్టు 17వ తేదీన రెండు న్యూట్రాను తారలు కలిసినప్పుడు గామా మెరుపును ఇతర ఉపగ్రహములు చూచినవి, ఆస్ట్రోసాటు చూడలేదు. ఏలన, ఆ క్షణమున దానికిని ఆ తారలకును నడుమ భూగోళము అడ్డుపడెను. జనవరిలో చూడకపోవుట "లేదు" అనుటకు ప్రమాణమయ్యెను. ఆగస్టులో చూడకపోవుట ప్రమాణము కాలేదు.

మన శాస్త్రకారులు ఈ భేదమును ఎన్నడో యెరిగియుండిరి. అభావజ్ఞానమునకు అనుపలబ్ధి, అనగా కానరాకుండుట, ప్రత్యేక ప్రమాణమని భాట్టమీమాంసకులును అద్వైతులును అందురు. ప్రత్యక్షమునకు సహకారియే యని నైయాయికు లందురు. ఉభయుల కంగీకారమైన నియమ మొకటి కలదు: అది యోగ్యానుపలబ్ధి కావలెను. ఉన్నచో కనబడదగినది కనబడనప్పుడే "లేదు" అనదగును. దీపమున్న గదిలో కుండ కనబడకున్న కుండ లేదనవచ్చును. చీకటిగదిలో కనబడకున్న నేమి చెప్పగలము?

ఇక మా మనవి. మనవారి పిల్లలలో శాస్త్రపరిశోధనకు తగినవారు లేరని మన పెద్దలు కొందరు తరచుగా ననుచుందురు. అందుచేత మన విద్యార్థివేతనములు త్వరలో నుద్యోగము నిచ్చు చదువులకే పోవుచున్నవి. లేరనుటకు మనకు యోగ్యత కలదా? దీపము వెలిగించితిమా? ప్రయోగశాల లేని పాఠశాలలో చదివిన పిల్లకును మనకును నడుమ భూగోళమంత యడ్డుగోడ యున్నది గదా!

మన యెంపికలోని సందడియు నెట్టిది? దరఖాస్తుతోపాటు సిఫారసు వచ్చును. తండ్రి పలుకుబడి వచ్చును. బంధుత్వపు లెక్క వచ్చును. ఈ చదువు ముగిసిన ఏ యేట సంపాదన మొదలగునను ప్రశ్న వచ్చును. ఇన్ని దొంగలెక్కల నడుమ నిజమగు మేధయొక్క 50 కణములు మునిగిపోవుట యేమి వింత? నిధిని పెంచవలెనని యేటేట తీర్మానించుచున్నాము, మంచిదే. కాని కన్ను పెద్దదైన చాలదు, సందడి తగ్గవలెను. దరఖాస్తులను మొదటిసారి చదువునప్పుడు పేరును, ఊరును, తండ్రి పేరును కప్పి, సంఖ్య మాత్రము వేసి చదువుడు. ఒక్క వేతనమునైనను విజ్ఞానశాస్త్ర పరిశోధనకు కేటాయించి, అయిదేండ్లు ఫలమడుగక పోషింపుడు. ఆ యొక్క వేతనమునకు కులనిబంధనయు తీసివేయుడని సాహసించి విన్నవించుచున్నాము. బుట్టాయగూడెము కొండలనుండి దిగివచ్చు గిరిజన బాలికయైనను దాని నందగలుగవలెను. తార ఏ కులస్థుని కంటబడుదునాయని చూచుకొని వెలుగదు.

ఫలమెప్పుడు వచ్చునని శంక వలదు. భీమవరము చెంత గొరగనమూడిలో 1896లో పుట్టిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజుగారు సన్యసించి, జ్ఞానానందస్వామియై, తపస్సు చేసి, పిమ్మట ప్రాగు నగరపు చార్లెసు విశ్వవిద్యాలయమున ఎక్సు కిరణ వర్ణపటముల పరిశోధించి 1936లో డాక్టరు పట్టము నందిరి. న్యూట్రానును కనుగొనిన చాడ్విక్కు పండితుని కడ లివర్‌పూలున పనిచేసిరి. తిరిగివచ్చి విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందు పరమాణుకేంద్ర విజ్ఞానశాఖకు పునాది వైచిరి. పట్టము నందునాటికి వారికి నలువదేండ్లు. తొందరపడు లెక్కలో అట్టివా రెక్కడ కనబడుదురు? హైదరాబాదు బెలూను ప్రయోగము 1968లో. ఆస్ట్రోసాటు ఎగసినది 2015లో. నడుమ 47 సంవత్సరములు. తొలినాటి ఆ బెలూను పనిలో పాల్గొన్న పి.సి. అగ్రవాలుగారే పిమ్మట ఆస్ట్రోసాటు పథకమునకు చిరకాలము నాయకులై నడపిరి. అంతకాలము ఎవరో యొకరు వ్యయము భరించి, ఫలము కానరాని యేండ్లలో సైతము చేయి వీడకుండిరి. పోషకత్వ మనగా నదియే.

మన సంఘము ఒక్క నిర్ణయము చేసిన చాలును: మన కన్ను యోగ్యమగువరకు "లేరు" అను మాట మన తీర్మానములలో వ్రాయము.